కరిచిన కుక్క – పది రోజుల ఓర్పు

మూడేళ్ళ క్రితం, షాబాన్ మాసం. మా మదరసాలో హిఫ్జ్ చదువుతున్న తొమ్మిదేళ్ళ బాలుడొకడు ఫజ్ర్ నమాజు తర్వాత పాలు తీసుకురావడానికి వీధి చివరి దుకాణానికి వెళ్ళాడు. తిరిగి వచ్చి ఎప్పటిలాగే సబఖ్ వినిపించడానికి నా ముందు కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని కుదురు లేదు. మోకాలు ముడవలేక ఒక పక్కకు ఒరుగుతున్నాడు. కారణమడిగితే ఏమీ లేదన్నాడు. ఇంతలో వాడి పైజామా అంచు మీద రక్తపు మరక నా కంటబడింది.

"ఏమిటది?" అని గద్దించాను.

"కుక్క, హజ్రత్" అన్నాడు తల దించుకొని.

అప్పుడు నా నోట వెలువడిన మాటను నేటికీ మరువలేకున్నాను. "కుక్క నోరు తగిలిన బట్టలతో ఖుర్ఆన్ ముందు కూర్చుంటావా? వెళ్ళు, ముందు బట్టలు మార్చుకొని రా" అన్నాను. గాయం ఎంత లోతుగా ఉందని నేను అడగలేదు. ఆ కుక్క ఎవరిదని అడగలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పరిశుద్ధత పాఠం చెబుతున్న నాకు ఆ క్షణాన వాడి పైజామా కనిపించింది గాని, వాడి కాలు కనిపించలేదు.

పిల్లవాడు వెళ్ళి పైజామా ఉతుక్కున్నాడు. మంట పుడుతుందన్న భయంతో గాయానికి మాత్రం నీరు తగలనివ్వలేదు. వంటశాలలోని పెద్దాయన జాలిపడి పసుపూ సున్నమూ కలిపి పట్టువేసి గుడ్డ కట్టాడు. ఈలోగా వార్త వీధిలో పాకింది. యువకులు కర్రలు పట్టుకొని ఆ కుక్కను వెంటాడి, కాలువ గట్టున కొట్టి చంపారు. వారిలో ఒకడు గర్వంగా నా వద్దకు వచ్చి, "హజ్రత్, కరిచే కుక్కను చంపవచ్చునని హదీసులోనే ఉంది కదా?" అని అడిగాడు. అవునన్నట్లు తల ఊపాను.

జుహర్ తర్వాత పిల్లవాడి తండ్రి వచ్చాడు. అందరం ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ గుడ్డ విప్పి, సున్నం చూసి నిట్టూర్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "కుక్క ఎక్కడుంది?"

"చంపేశారమ్మా."

"శవం?"

"మున్సిపాలిటీ బండిలో వెళ్ళిపోయింది."

ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా ఇలా అన్నది: "మౌలానా గారూ, దాన్ని బతకనిచ్చి ఉంటే పది రోజుల్లో అదే మనకు జవాబు చెప్పేది. ఇప్పుడు దాన్ని పిచ్చికుక్కగానే భావించి వైద్యం చేయాలి. అది పోనివ్వండి. కొట్టినవారి చేతులకు గాయాలున్నాయా? అది ఇంకెవరినైనా కరిచిందా?"

ఆ ప్రశ్నలకు మా వద్ద సమాధానం లేదు. అస్ర్ నమాజు తర్వాత మస్జిద్ మైకులో ప్రకటన చేయించాం. ఇల్లిల్లూ తిరిగాం. కుక్కను పట్టుకోబోయి చేతులు గీరుకున్న యువకులు ఇద్దరు బయటపడ్డారు. అంతకు ముందు రోజే అది కూరగాయలమ్మే ఒక వృద్ధురాలి పిక్క పట్టిందని తెలిసింది. ఆమె కారం అద్దుకొని యథాప్రకారం గంప ఎత్తుకొని తిరుగుతోంది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకునే ఓపిక నాకు లేదు బాబూ" అని మొరాయించింది. ఆమెను ఒప్పించి తీసుకువెళ్ళేసరికి ఇషా అయింది.

అల్లాహ్ కృప వల్ల నలుగురూ క్షేమంగా ఉన్నారు. ఆ బాలుడు నిరుడు హిఫ్జ్ పూర్తి చేశాడు. కాని ఆ కుక్కకు నిజంగా పిచ్చి ఉన్నదా లేదా అన్నది మాకు ఎన్నటికీ తెలియదు. తెలుసుకునే మార్గాన్ని మా చేతులతోనే మేము మూసివేశాం. ఆ రోజు నాకు తెలియక చేసిన తప్పులు మీ ఇంట జరగకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

వచ్చాక మందు లేదు, రాకముందు ఉంది

రేబిస్ వ్యాధిని అరబ్బీలో 'దావుల్ కలబ్' అంటారు. వెయ్యేళ్ళ నాడే ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో పిచ్చికుక్క లక్షణాలనూ, అది కరిచిన మనిషి నీటిని చూసి భయపడటాన్నీ వివరించాడు. వ్యాధిని గుర్తించారు గాని, దాన్ని ఆపే ఉపాయం శతాబ్దాల పాటు ఎవరికీ చిక్కలేదు. 1885 జూలైలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలుడికి తాను తయారు చేసిన టీకా ఇప్పించాడు. ఆ బాలుడు బతికాడు.

ఈ వ్యాధి స్వభావాన్ని రెండు మాటల్లో గుర్తుంచుకోవచ్చు. లక్షణాలు కనిపించిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందు సరైన వైద్యం సకాలంలో అందితే దాదాపు ఎవరూ చనిపోరు. ఇంత స్పష్టంగా మన చేతిలో ఉన్న వ్యాధి మరొకటి అరుదు. అయినా ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది దీనితో మరణిస్తున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే వస్తుంది. అనుమానిత జంతువుల కాటుకు గురయ్యే వారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ళలోపు పిల్లలే.

కాటు ద్వారా ఒంట్లో ప్రవేశించిన క్రిమి నరాల వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం రోజుల్లోనే, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా వ్యాధి బయటపడుతుంది. ముఖం, తల, మెడ, చేతుల మీద కాట్లు మరింత ప్రమాదకరం. ఈ ప్రయాణ కాలమే అల్లాహ్ మనకు ప్రసాదించిన గడువు. గాయం మానింది కదా అని ఆ గడువును వృథా చేసుకునేవారే ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు.

మొదటి పదిహేను నిమిషాలు

కుక్క గాని, పిల్లి గాని, కోతి గాని కరిచిన వెంటనే గాయాన్ని కుళాయి కింద ఉంచి, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. కుళాయి లేకపోతే చెంబుతో ధారగా పోయాలి. రేబిస్ క్రిమికి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను ఛేదిస్తుంది. ఇంట్లో ఉండే రెండు రూపాయల సబ్బు ముక్క ప్రాణరక్షణలో మొదటి మెట్టు అవుతుంది.

కడిగిన తర్వాత అయోడిన్ వంటి మందు వేయవచ్చు. కారం, పసుపు, సున్నం, ఆముదం, పసర్లు ఏవీ పూయరాదు. గాయాన్ని కాల్చరాదు, బిగించి కట్టరాదు. డాక్టరు చెప్పనిదే కుట్లు వేయించరాదు.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించవలసి ఉంది. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలనీ, అందులో ఒకసారి మట్టితో తోమాలనీ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు మనందరికీ తెలిసినదే. ఇది పాత్రకు సంబంధించిన ఆదేశం. కొందరు దీన్ని గాయానికి అన్వయించి, పచ్చి పుండు మీద మట్టి రుద్దుతారు. ఇది హదీసును అర్థం చేసుకోకపోవడమే. పుండు మీద మట్టి వేస్తే ధనుర్వాతం వచ్చే ప్రమాదం ఉంది. పాత్రకు మట్టి, గాయానికి సబ్బు. ఈ తేడాను మన ఇళ్ళలో పెద్దలకూ పిల్లలకూ చెప్పాలి.

మరో మాట. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధం గాని, దాని పొడి శరీరం తగిలినంత మాత్రాన బట్టలు అశుద్ధం కావు. పిల్లల్లో మనం నాటిన భయం ఈ హద్దును దాటిపోయింది. కుక్క తాకిందంటే పెద్దలు తిడతారన్న భయంతో వారు గాటునే దాచిపెడుతున్నారు. నా విద్యార్థి దాచింది అందుకే. బట్టలను సాయంత్రమైనా ఉతుక్కోవచ్చు, నమాజు వేళకు మరో జత వేసుకోవచ్చు. గాయం మాత్రం వేచి ఉండదు.

టీకా గురించి తెలియవలసినవి

డాక్టర్లు గాయాలను మూడు తరగతులుగా విభజిస్తారు. గాయం లేని చర్మాన్ని జంతువు తాకినా నాకినా అది మొదటి తరగతి. కడుక్కుంటే చాలు. రక్తం రాని చిన్న గీరుడు, పైపై కొరుకుడు రెండో తరగతి. దీనికి టీకా కావాలి. రక్తం వచ్చిన కాటు, చిట్లిన చర్మం మీద గాని కన్ను, నోరు వంటి చోట్ల గాని లాలాజలం తగలడం మూడో తరగతి. దీనికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును గాయంలోనే ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపు ఈ మందు కాపలా కాస్తుంది. మొదటి టీకా నాడే దీన్ని ఇవ్వాలి. ఆ రోజు దొరకకపోతే ఏడు రోజుల్లోపు తప్పక ఇప్పించుకోవాలి. "టీకా వేశారు, చాలు" అని ఇంటికి రాకుండా, "మూడో తరగతి గాయమా? ఆ మందు కూడా కావాలా?" అని డాక్టరును అడగండి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గతకాలపు మాట. గొర్రె మెదడు నుండి తయారు చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఇరవై ఏళ్ళ క్రితమే నిలిపివేశారు. నేడు చేతికి వేసే సూదులే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో ఇస్తారు. కండరంలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజున కూడా ఒకటి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి ఉచితం. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, పసిపిల్లలకూ నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. కరిచి వారాలు గడిచినా సరే, ఆలస్యమైందని ఊరుకోకుండా వెళ్ళాలి.

రమజాన్ నెలలో కాటు పడితే ఇఫ్తార్ వరకు ఆగుదామనుకునే వారున్నారు. కండరానికో చర్మానికో వేసే ఇంజెక్షన్ వల్ల ఉపవాసం భంగం కాదని నేటి ధర్మవేత్తల్లో అత్యధికుల నిర్ణయం. దుఆ చేయించుకోవచ్చు, దమ్ చేయించుకోవచ్చు. అవి టీకాకు తోడే గాని బదులు కావు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధన మనకు మార్గం చూపుతోంది. తాయెత్తు కట్టి టీకా మాన్పించడం తవక్కుల్ కాదు.

కరిచిన జంతువును ఏం చేయాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. గాయానికి చేయవలసినది చాలామందికి ఎంతో కొంత తెలుసు. జంతువు విషయంలోనే మనం తరచూ పొరపాటు చేస్తాం. కొట్టి చంపుతాం, లేదా తరిమేస్తాం, లేదా పెంచిన కుక్కైతే భయపడి రాత్రికి రాత్రి పక్క ఊళ్ళో వదిలి వస్తాం. మూడూ తప్పే.

ముందుగా ఆ పది రోజుల లెక్క ఏమిటో గ్రహించాలి. క్రిమి మొదట కుక్క మెదడుకు చేరుతుంది. అక్కడి నుండే లాలాజల గ్రంథులకు దిగుతుంది. అంటే కరిచిన రోజున దాని లాలాజలంలో క్రిమి ఉందంటే, అప్పటికే దాని మెదడు చెడి ఉందన్నమాట. అటువంటి కుక్క పది రోజుల్లోపు జబ్బుపడి చనిపోతుంది. పదో రోజు తర్వాత కూడా అది ఆరోగ్యంగా తింటూ తిరుగుతూ ఉన్నదంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో క్రిమి లేదని అర్థం. కుక్క ప్రాణంతో ఉండటమే మనకు సాక్ష్యం. చంపితే సాక్షిని చంపినట్లే.

అయితే పది రోజులు చూశాక టీకా వేయించుకుందామని మాత్రం ఎవరూ అనుకోరాదు. టీకా ఆ రోజే మొదలు కావాలి. పది రోజుల తర్వాత జంతువు ఆరోగ్యంగా ఉంటే మిగిలిన డోసు ఆపవచ్చునా లేదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.

వీధికుక్క కరిచినప్పుడు దాని రంగు, గుర్తులు, అది తిరిగే చోటు, దానికి తిండి పెట్టేవారెవరన్నది గుర్తుంచుకోవాలి. చేతులతో పట్టుకోబోవద్దు. వీలైతే అది ఉన్న ఆవరణ గేటు మూసి, మున్సిపాలిటీకో పంచాయతీకో పశువైద్యశాలకో కబురు పెట్టాలి. పట్టడం శిక్షణ ఉన్నవారి పని. దారిన పోయే పిల్లల్ని దూరంగా ఉంచడం మన పని.

ఇంట్లో పెంచిన కుక్క, పిల్లి అయితే ఒంటరిగా ఒక గదిలోనో బోనులోనో ఉంచాలి. ఒక్కరే, అదీ పెద్దవారే, దూరం నుండి తిండీ నీళ్ళూ పెట్టాలి. ముద్దు చేయరాదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వరాదు. ఆ పది రోజుల్లో దానికి కొత్తగా టీకా వేయించరాదు. టీకా వల్ల కలిగే నలతను వ్యాధి లక్షణంగా పొరబడే అవకాశం ఉంది. అమ్మరాదు, ఎవరికీ ఇవ్వరాదు, వదిలేయరాదు. దానికి అంతకు ముందే టీకా వేయించి ఉన్నా సరే, పరిశీలన మానకూడదు.

గమనించవలసిన లక్షణాలు ఇవి: స్వభావం మారిపోవడం, కర్రనూ రాయినీ గొలుసునూ కొరకడం, మొరుగులో మార్పు, దవడ జారిపోయి చొంగ కారడం, తూలి నడవడం, చీకటి మూలల్లో దాక్కోవడం, తిండి మానివేయడం. పిచ్చికుక్క ఎప్పుడూ పరుగెత్తి కరుస్తుందని అనుకోవద్దు. ఈ వ్యాధిలో మౌనంగా మూలుగుతూ పక్షవాతం వచ్చినట్లు పడి ఉండే రకం కూడా ఉంది. జాలిపడి నోట్లో నీళ్ళు పోయబోయి ప్రమాదంలో పడతారు. మరో భ్రమ, నీళ్ళు తాగుతోంది కాబట్టి పిచ్చి లేదనుకోవడం. నీటిని చూసి భయపడటం మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్క నీళ్ళు తాగినంత మాత్రాన దానికి వ్యాధి లేదని చెప్పలేం.

ఈ లోగా ఆ జంతువు చనిపోతే వట్టి చేతులతో ముట్టరాదు. వెంటనే పశువైద్యుడికీ, టీకా ఇస్తున్న డాక్టరుకూ తెలియజేయాలి. మెదడును ప్రయోగశాలలో పరీక్షించి వ్యాధిని నిర్ధారించవచ్చు. ఆ పని పశువైద్యులు చేస్తారు. అందుకే తల మీద కొట్టి చంపితే పరీక్షకు కూడా పనికిరాకుండా పోతుంది. పరీక్ష వీలుకాని చోట లోతైన గోతిలో పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ పది రోజుల లెక్క కుక్కకూ పిల్లికీ మాత్రమే. మన ఊళ్ళలో నేడు కోతుల బెడద ఎక్కువైంది. కోతి, ముంగిస, నక్క వంటివి కరిస్తే పది రోజుల పరిశీలనను నమ్ముకోరాదు. డాక్టరు చెప్పిన వైద్యం పూర్తిగా చేయించుకోవాలి.

మరి ఆ హదీసు సంగతి?

ఆ యువకుడి ప్రశ్నకు నాడు తల ఊపాను. నేడు వివరంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను. హాని చేసే అయిదు జంతువులను ఇహ్రామ్ స్థితిలో కూడా చంపవచ్చునని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. వాటిలో 'అల్ కల్బుల్ అఖూర్', అంటే కరిచే కుక్క, ఒకటి. అది నిజమే. కాని అది అనుమతి, విధి కాదు. ఆ అనుమతి వెనుక ఉన్న ఉద్దేశం మనుషులకు హాని తొలగించడం. దూకి మీద పడుతున్న జంతువు నుండి ప్రాణం కాపాడుకోవడం వేరు. పారిపోయిన దాన్ని వెంటాడి చంపి, కాటుపడిన నలుగురి వైద్యానికి కావలసిన ఆధారాన్ని పోగొట్టడం వేరు. రెండోది హానిని తొలగించలేదు, పెంచింది. కుక్కతో పెనగులాడి మరో ఇద్దరు గాయపడటం మా కళ్ళముందే జరిగింది కదా.

మరో సంగతీ ఉంది. మదీనాలో ఒక సందర్భంలో కుక్కలను చంపమని ఆదేశం వచ్చి, ఆ తర్వాత ప్రవక్త (స) దాన్ని ఉపసంహరించారని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. చంపక తప్పనప్పుడు కూడా బాధ పెట్టకుండా చంపాలన్నది ఆయన బోధన. దాహంతో అలమటిస్తున్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి తాగించిన మనిషి మన్నింపు పొందాడనీ, పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందనీ మనం పిల్లలకు పాఠంగా చెబుతాం. ఆ పాఠం విన్న పిల్లల ఎదుటే ఒక ప్రాణిని కర్రలతో చావబాదితే వారు దేన్ని నేర్చుకుంటారు?

దేశ చట్టం కూడా ఇదే మార్గం చెబుతోంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిచ్చి ఉన్నట్లు అనుమానమున్న వీధికుక్కను విడిగా బంధించి, పరీక్షించి, వ్యాధి ఉన్నదని తేలితే సహజంగా చనిపోయేదాకా ఒంటరిగా ఉంచాలి. వీధిలో జనం చంపడానికి చట్టం ఒప్పుకోదు.

పెంచేవారి బాధ్యత

వేట, పశువుల కాపలా, పంట కాపలా వంటి అవసరం లేకుండా కుక్కను పెంచడాన్ని హదీసులు నిరుత్సాహపరుస్తున్నాయి. అవసరం కొద్దీ పెంచేవారు దాని హక్కును నెరవేర్చాలి. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన బూస్టరు, తర్వాత ఏటేటా టీకా వేయించాలి. పిల్లులకూ అంతే. మన ఇళ్ళలో పిల్లులు మంచాల మీద తిరుగుతాయి గాని, వాటికి టీకా వేయించినవారు అరుదు.

మూగజీవి తనంతట తాను చేసిన గాయానికి పరిహారం లేదన్నది సాధారణ సూత్రం. కాని కుక్క కరిచేదని తెలిసి, ఇరుగుపొరుగు హెచ్చరించిన తర్వాత కూడా దాన్ని విచ్చలవిడిగా వదిలిన యజమాని బాధ్యుడవుతాడని మన ఫుఖహాలు స్పష్టం చేశారు. కనుక మీ కుక్క ఎవరినైనా కరిస్తే దాచకండి. వెళ్ళి చెప్పండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ఖర్చు భరించండి, పది రోజులు జంతువును చూపించండి. పొరుగువారి హక్కుకు ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు.

పశువులు, ఖుర్బానీ, మాంసపు దుకాణాలు

పిచ్చికుక్క మనుషులనే గాక మేకలనూ గేదెలనూ కరుస్తుంది. వాటి గాయాన్ని కూడా, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బుతో కడిగి పశువైద్యుడికి చూపాలి. కాటు తర్వాత పశువులకు వేసే టీకాలున్నాయి. గేదె అదేపనిగా అరుస్తూ, చొంగ కారుస్తూ, మేత మింగలేకపోతే గొంతులో ఏదో అడ్డం పడిందనుకొని నోట్లో చెయ్యి పెట్టేవారున్నారు. అది రేబిస్ లక్షణం కావచ్చు. చెయ్యి పెట్టకండి. అటువంటి పశువు పాలు తాగరాదు. దాన్ని కోయరాదు, కోసే వారికే మొదటి ప్రమాదం. స్పష్టంగా రోగం కనిపిస్తున్న జంతువు ఖుర్బానీకి చెల్లదన్నది ధర్మశాస్త్రంలో స్థిరమైన విషయమే. నష్టానికి భయపడి దాన్ని సంతలో అమ్మడం మోసం.

చివరిగా మన వీధుల మాట. కుక్కలు గుంపులుగా చేరేది తిండి దొరికే చోట. మాంసపు దుకాణాల వెనుక పారేసే పేగులు, చర్మపు ముక్కలు, బక్రీదు నాడు కాలువల్లో వదిలే వ్యర్థాలు వాటికి విందు. ఇతరుల మీద నెపం వేయకముందు ఈ తప్పును మనం దిద్దుకోవాలి. ఖుర్బానీ వ్యర్థాలను లోతుగా పూడ్చడమో, మున్సిపాలిటీ బండికి అప్పగించడమో ఇబాదత్‌లో భాగంగానే చూడాలి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి 70 వంతులకు టీకా వేస్తే వ్యాధి గొలుసు తెగుతుందని నిపుణులు చెబుతారు. దేశం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. మొహల్లా కమిటీలు పశువైద్య శాఖను పిలిచి ఏటా ఒకరోజు వీధికుక్కలకు టీకా శిబిరం పెట్టించవచ్చు. మనుషులనూ మూగజీవాలనూ ఒకేసారి కాపాడే సదఖా ఇది.

పిల్లలకు చెప్పవలసిన మాటలు

తింటున్న, నిద్రిస్తున్న, పిల్లల్ని పెట్టిన కుక్క దగ్గరికి వెళ్ళవద్దు. కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు. చేతులు ఒంటికి ఆనించుకొని చెట్టులా కదలకుండా నిలబడాలి. దాని కళ్ళలోకి చూడవద్దు. కింద పడితే ముడుచుకొని, ముఖాన్నీ చెవులనూ చేతులతో కప్పుకోవాలి. కరిచినా, గీరినా, పుండును నాకినా వెంటనే పెద్దలకు చెప్పాలి.

ఈ చివరి మాట పిల్లలు పాటించాలంటే పెద్దలమైన మనం ఒక మాట పాటించాలి. చెప్పిన పిల్లవాణ్ణి తిట్టకూడదు. మా మదరసాలో ఇప్పుడు వుజూ చేసే కుళాయిల పక్కన ఒక సబ్బు ఎప్పుడూ ఉంటుంది. అది దేనికో ప్రతి పిల్లవాడికీ తెలుసు. చేరిన మొదటి రోజే నేను వారితో అంటాను: "కుక్క కరిస్తే పరుగున నా దగ్గరికి రండి. బట్టల సంగతి నేను అడగను."

ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళినీ కాపాడటంతో సమానమని మన ధర్మం బోధిస్తోంది. మన పిల్లలనూ, ఇరుగుపొరుగునూ, మనల్ని నమ్ముకున్న మూగజీవాలనూ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! తెలియక చేసిన పొరపాట్లను మన్నించుగాక! ఆమీన్.